పిల్లలతో క్యాంపింగ్, సాయంత్రం వాలై వేట: మిన్నెసోటాలో ఏ సరస్సు, ఏ పడవ, ఏ ఎర

వాలై చేప చేతికి చిక్కగానే ఎవరైనా ముందు చూసేది దాని కన్నే. హెడ్‌ల్యాంప్ వెలుగు పడితే చీకట్లో పిల్లి కన్నులా మెరుస్తుంది. కంటి వెనక వెలుతురుని తిప్పికొట్టే పొర ఒకటి ఉంటుంది, అందుకే మసక వెలుతురులోనూ దానికి బాగా కనిపిస్తుంది. అది తినే చిన్న చేపలకి ఆ వేళలో అంత చూపు ఆనదు. పట్టపగలు లోతు నీళ్లలో ఉండి, పొద్దు వాలేసరికి మేత కోసం ఒడ్డు వైపు వస్తుంది.

ట్రిప్ ప్లాన్ అంతా ఈ ఒక్క అలవాటు చుట్టూ తిరగాలని నా అభిప్రాయం. చేప వచ్చే వేళకి మనం నీళ్ల దగ్గర ఉండాలి. జూన్‌లో ఇక్కడ సూర్యాస్తమయం రాత్రి 9 గంటలకి. ఆ తర్వాత ఇంకో ముప్పావు గంట వెలుతురు ఉంటుంది. హోటల్లో దిగి రోజూ కారులో వచ్చిపోయేవాళ్లు సరిగ్గా ఆ సమయానికే పిల్లలకి నిద్రొస్తోందని వెనక్కి బయల్దేరుతారు. టెంట్ నుంచి రెండు నిమిషాలు నడిస్తే డాక్ ఉన్నవాళ్లు మాత్రం పిల్లకి స్వెటర్ వేసి, పక్కన కూర్చోబెట్టుకుని, నిద్ర ముంచుకొచ్చేదాకా గాలం వేసుకుని కూర్చోగలరు.

మేం మినియాపోలిస్ పక్కన ఉంటాం. బాబుకి పదేళ్లు, పాపకి ఆరు. ఆరేళ్లుగా ప్రతి వేసవిలో కనీసం ఒకసారి వాలై కోసం క్యాంపింగ్‌కి వెళ్తున్నాం, ఒక ఏడాది మా అత్తయ్యగారు, మామయ్యగారు కూడా వచ్చారు. తెలిసినవాళ్లు ఫోన్ చేసి మొదట అడిగేది "ఏ లేక్‌లో చేపలు ఎక్కువ పడతాయి?" అని. నేను మాత్రం తిరిగి మూడు ప్రశ్నలు వేస్తాను. చేతిలో ఎన్ని రోజులున్నాయి? పిల్లలకి ఎన్నేళ్లు? పట్టిన చేపని వండుకు తినాలని ఉందా, వదిలేసినా ఫర్వాలేదా? ఈ మూడు తేలితే సరస్సు దాదాపు తేలిపోతుంది.

ఏ సరస్సు

రెండు రాత్రులే ఉంటే మిల్ లాక్స్. ట్విన్ సిటీస్, అంటే మినియాపోలిస్, సెయింట్ పాల్ జంట నగరాల నుంచి ఉత్తరంగా సుమారు 100 మైళ్లు. శుక్రవారం ఆఫీసు నుంచి త్వరగా బయటపడితే వెలుతురు ఉండగానే టెంట్ వేసుకోవచ్చు. దాదాపు 1,32,000 ఎకరాల నీళ్లు, చాలా చోట్ల అవతలి ఒడ్డు కనపడదు. ఆగ్నేయం మూల ఐల్ అనే ఊరి దగ్గర ఫాదర్ హెనెపిన్ స్టేట్ పార్క్ ఉంది. ఇసుక బీచ్, చేపలు పట్టుకోవడానికి నీళ్లలోకి వంతెనలా కట్టిన పియర్లు, క్యాంప్‌సైట్లు అన్నీ ఒకే చోట. పగలు పిల్లలు ఇసుకలో ఆడుకుంటారు, సాయంత్రం పియర్ మీదకి వస్తారు. పడవ లేని కుటుంబానికి ఇంతకంటే సులువైన చోటు నాకు తెలియదు.

అయితే ఇక్కడ వాలైని ఇంటికి తెచ్చుకోవడం మీద ఆశ పెట్టుకోవద్దు. 1837 ఒప్పందంలో ఇక్కడి ఆదివాసులైన ఓజిబ్వే తెగలు ఈ ప్రాంతపు భూమిని వదులుకున్నా, వేటాడే హక్కు, చేపలు పట్టే హక్కు తమ దగ్గరే ఉంచుకున్నాయి. ఆ హక్కు చెల్లుతుందని 1999లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఏటా ఎంత చేప తీస్తే సరస్సుకి దెబ్బ తగలదో చూసి, రాష్ట్రమూ తెగలూ పంచుకుంటాయి. వాలై సంఖ్య తగ్గడంతో మనలాంటివాళ్లకి నిబంధనలు బిగించారు. 2016 సీజన్ మొదలైందే పట్టినవన్నీ వదిలేయాలన్న నియమంతో. కొన్నేళ్లు జూలైలో కొద్ది రోజులు వాలై వేటే ఆపేశారు, కొన్ని సీజన్లలో రాత్రి 10 దాటాక పట్టకూడదన్నారు. ఒకటో రెండో ఉంచుకోనిచ్చిన ఏడాది కూడా ఫలానా పొడవు అయితేనే అంటారు. వెళ్లే వారంలో రాష్ట్ర సహజ వనరుల శాఖ (డీఎన్ఆర్) వెబ్‌సైట్‌లో ఆ సరస్సు పేరు కొట్టి చూసుకోవాల్సిందే. మా పాపకి చేపని వదిలేయడమే ఇష్టం, కాబట్టి మాకు ఇబ్బంది లేదు. ఇంట్లో ఒకరు శాకాహారి అయినా ఈ సరస్సు బాగా నప్పుతుంది.

ఇంకో మాట. 2005లో జీబ్రా మసెల్స్ అనే చిన్న ఆలిచిప్పలు ఈ సరస్సులో బయటపడ్డాయి. అవి నీళ్లని వడకడతాయి. నీళ్లు తేటపడితే వెలుతురు లోతుకి దిగుతుంది, వెలుతురు గిట్టని చేప ఇంకా పొద్దుపోయాక గానీ కదలదు. మిల్ లాక్స్‌లో మధ్యాహ్నం రెండు గంటలకి ఎండలో గాలం వేసి విసిగిపోయే కుటుంబాల్ని చూస్తే బాధేస్తుంది. ఆ వేళలో పిల్లల్ని ఈతకి తీసుకెళ్లండి.

మూడు రాత్రులుండి, క్యాంప్‌లో చేప వేయించుకు తినాలని ఉంటే లీచ్ లేక్. వాకర్ అనే ఊరికి మూడుంబావు గంటల ప్రయాణం. లక్షకి పైగా ఎకరాల సరస్సే అయినా ఎన్నో పాయలుగా చీలి ఉంటుంది. ఒక వైపు గాలి కొడుతుంటే ఇంకో పాయలోకి వెళ్లి తలదాచుకోవచ్చు. మిల్ లాక్స్ గుండ్రంగా, అడ్డు లేకుండా ఉంటుంది. గాలి లేస్తే ఎక్కడైనా అలలే. పిల్లలు పడవలో ఉన్నప్పుడు ఈ తేడా చాలా పెద్దది. చిప్పెవా నేషనల్ ఫారెస్ట్‌లో, నీళ్లలోకి చొచ్చుకుపోయిన కొన మీద స్టోనీ పాయింట్ క్యాంప్‌గ్రౌండ్ ఉంది. పెద్ద పెద్ద చెట్లు, పడవలు దించే ర్యాంప్, లంగరు వేసుకోవడానికి చిన్న హార్బర్ ఉన్నాయి. పడవ అద్దెకి తీసుకునేవాళ్లకి నేను ముందు చెప్పే చోటు ఇదే. పడవ లేనివాళ్లు ఫెడరల్ డ్యామ్ అనే ఊరి దగ్గర ఆర్మీ కోర్ (అమెరికా సైన్యపు ఇంజినీర్ల విభాగం) నడిపే క్యాంప్‌గ్రౌండ్ చూసుకోవచ్చు, అక్కడ ఒడ్డు నుంచే గాలం వేయొచ్చు.

మే నెలాఖర్లో వెళ్లేవాళ్లకి అప్పర్ రెడ్ లేక్. వాస్కిష్ అనే చిన్న ఊరు, నాలుగున్నర గంటల దారి. ఎటు చూసినా లోతు తక్కువ. అందుకే సీజన్ మొదట్లో వాలై ఒడ్డుకి దగ్గరగా, నాలుగైదు అడుగుల నీళ్లలోనే దొరుకుతుంది. ఈ సరస్సు కథ నన్ను కదిలిస్తుంది. మితిమీరి పట్టడంతో 1990ల్లో ఇక్కడ వాలై దాదాపు కనుమరుగైంది. 1999లో వేట పూర్తిగా ఆపేశారు. రెడ్ లేక్ తెగ, రాష్ట్రం కలిసి పిల్ల చేపల్ని వదిలి, ఏళ్ల తరబడి ఓపిక పట్టి, 2006లో మళ్లీ తెరిచారు. అప్పర్ రెడ్ తూర్పు భాగంలోనే మనం పట్టొచ్చు. మిగతాదంతా ఆ తెగ (రెడ్ లేక్ నేషన్) నీళ్లు, హద్దు గీత దాటకూడదు. బిగ్ బాగ్ స్టేట్ రిక్రియేషన్ ఏరియాలో హీటర్ ఉన్న క్యాంపర్ క్యాబిన్లున్నాయి. మే నెలలో అవి ప్రాణం నిలబెడతాయి, రాత్రి చలికి టెంట్‌లో పిల్లలు వణికిపోతారు. మైలు పొడవునా చిత్తడి నేల మీద వేసిన చెక్క బాట కూడా ఉంది, పగటిపూట పిల్లలకి కాలక్షేపం.

నాలుగు రోజుల సెలవుంటే లేక్ ఆఫ్ ది వుడ్స్. కెనడా సరిహద్దు, అయిదు గంటలకి పైనే ప్రయాణం. బాడెట్‌లో 40 అడుగుల వాలై బొమ్మ దగ్గర పిల్లలు ఫొటో దిగకుండా కదలరు. జిప్పెల్ బే స్టేట్ పార్క్‌లో దిగొచ్చు. చేపలు పడే అవకాశం నాలుగింటిలోనూ ఇక్కడే ఎక్కువ అనిపించింది. కానీ ఇది సముద్రంలాంటి నీళ్లు, అద్దె పడవతో పిల్లల్ని తీసుకుని పెద్ద నీళ్లలోకి పోయే చోటు కాదు. మనవాళ్లు ముఖ్యంగా చూసుకోవాల్సింది ఇంకొకటుంది. ఈ సరస్సులో నార్త్‌వెస్ట్ ఆంగిల్ అనే ముక్క అమెరికాదే, కానీ రోడ్డు మీద వెళ్లాలంటే కెనడాలోంచే వెళ్లాలి. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకి కెనడా వీసా కావాలి, తిరిగి అమెరికాలోకి రావడానికి తమ వీసా స్టాంపింగ్ సరిగ్గా ఉందో లేదో చూసుకోవాలి. హెచ్-1బీ మీద ఉన్న కుటుంబాలు, అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లు దక్షిణపు ఒడ్డునే, బాడెట్, జిప్పెల్ బే వైపే ఉండిపోవడం మంచిది. పడవలో వెళ్లినా ఒంటారియో నీళ్లలో పట్టాలంటే వాళ్ల లైసెన్స్ వేరే ఉండాలి.

మొదటిసారి వెళ్లేవాళ్లు ఒక్కటే చెప్పమంటే, చిన్న పిల్లలుంటే ఫాదర్ హెనెపిన్ అంటాను. ఎనిమిదేళ్లు దాటిన పిల్లలైతే లీచ్ లేక్.

పియర్ మీదా, పడవలోనా

ఆరేళ్ల లోపు పిల్లలుంటే పియరే మేలు. టాయిలెట్ అన్నా, ఆకలన్నా, నిద్రన్నా వెంటనే లేచి వెళ్లొచ్చు. పగలు అదే పియర్ మీద వానపాము ముక్క గుచ్చి సన్‌ఫిష్ పట్టించండి. అరచేతి వెడల్పు చేపలు, గంటలో అయిదారు పడతాయి. మా పాప వాలై కోసం ఓపికగా కూర్చోవడం నేర్చుకున్నది సన్‌ఫిష్ పుణ్యమే. ఏమీ పడకుండా మొదటి రోజు గడిస్తే రెండో రోజు ఏ పిల్లా గాలం ముట్టుకోదు.

పొంటూన్ పడవ పిల్లలకి నచ్చుతుంది. చదునుగా, చుట్టూ రెయిలింగ్, నీడ, లేచి తిరగడానికి చోటు. కానీ గాలికి తెరచాపలా కొట్టుకుపోతుంది. లీచ్ లేక్ పాయల్లో సరే గానీ మిల్ లాక్స్‌లో గాలి లేని రోజునే. 16 అడుగుల అల్యూమినియం పడవ చేపలకి అన్నిటికంటే అనువు, ఖర్చూ తక్కువ. ఇద్దరు పెద్దలు, ఇద్దరు కాస్త ఎదిగిన పిల్లలు పడతారు.

అద్దె పడవతో మాకొక చేదు అనుభవం ఉంది. రెండో ఏడాది ఒక రిసార్ట్‌లో తీసుకున్న పడవ మోటారు ఒడ్డుకి అర మైలు దూరంలో ఆగిపోయింది. గాలి మమ్మల్ని ఇంకా లోపలికి తోస్తోంది, ఫోన్‌లో సిగ్నల్ లేదు. మా ఆయన తాడు లాగుతూనే ఉన్నారు, నేను రెండేళ్ల పాపని ఒళ్లో అదిమి పట్టుకుని కూర్చున్నాను. ఆ నలభై నిమిషాల టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేదు. చివరికి అటుగా వెళ్తున్న వాళ్లెవరో చూసి తాడు కట్టి లాక్కొచ్చారు. అప్పట్నుంచీ డాక్ దగ్గరే అయిదు నిమిషాలు మోటారు నడిపి చూస్తాం. తెడ్లు, లంగరు, విజిల్ ఉన్నాయో లేదో లెక్కపెట్టుకుంటాం. పదేళ్ల లోపు పిల్లలు కదులుతున్న పడవలో లైఫ్ జాకెట్ వేసుకోవాలని మిన్నెసోటా చట్టం చెబుతుంది. మా పడవలో పెద్దవాళ్లం కూడా వేసుకుంటాం. మోటారు పడవ నడపడానికి పర్మిట్ ఉండాలన్న నియమం 2025 జూలై నుంచి వయసుని బట్టి విడతలుగా వస్తోంది. బుక్ చేసేటప్పుడే మీ పుట్టిన సంవత్సరం చెప్పి అడగండి.

అమ్మానాన్నలు ఇండియా నుంచి వస్తే లాంచ్ మంచిది. మిల్ లాక్స్‌లో ఇవి ఎక్కువ. పాతికమంది దాకా ఎక్కే పెద్ద పడవ, మనిషికింతని టికెట్, గాలాలూ ఎరా వాళ్లే ఇస్తారు, పడవలో టాయిలెట్ ఉంటుంది. సాయంత్రం నాలుగు గంటల ట్రిప్. ఒక్కటే ఇబ్బంది, మధ్యలో పిల్ల ఏడిస్తే వెనక్కి తిప్పరు. గైడ్‌ని మాట్లాడుకోవడం పెద్దవాళ్లు పని నేర్చుకోవడానికి బాగుంటుంది గానీ, అంత డబ్బు పోసి చిన్న పిల్లల్ని తీసుకెళ్తే వాళ్ల మీద ఒత్తిడి, మన మీదా ఒత్తిడి.

జలగా, చిన్న చేపా, వానపామా

మే నెలలో నీళ్లు ఇంకా చల్లగా ఉంటాయి. అప్పుడు చిన్న చేప గుచ్చిన జిగ్ పనిచేస్తుంది. జిగ్ అంటే తల దగ్గర సీసం పోసిన కొక్కెం, ఔన్సులో ఎనిమిదో వంతు బరువు చాలు. అడుగుకి తగిలేదాకా వదిలి, మెల్లగా అరడుగు ఎత్తి, మళ్లీ దించుతూ ఉండాలి. పెద్దవాళ్ల చేతికి తొందరగానే అలవాటవుతుంది, చిన్నపిల్లలకి కష్టం. జూలై, ఆగస్టుల్లో వానపాము. లిండీ రిగ్ అని ఒక పద్ధతి ఉంది, బ్రెయినర్డ్ ఊళ్లో లిండ్నర్ అన్నదమ్ములు 1960ల చివర్లో ప్రచారంలోకి తెచ్చారు. సీసం దారం మీద జారుతుంది కాబట్టి చేప ఎర లాక్కున్నా బరువు తెలీదు. పడవ మెల్లగా కదులుతూ ఉండాలి, అందుకే పియర్ మీద ఇది కుదరదు.

జూన్‌కి మాత్రం జలగే రాజు. అదీ బెండు కింద వేలాడదీస్తే. ఇక్కడివాళ్లు స్లిప్ బాబర్ అంటారు. దారం మీద చిన్న ముడి వేసి, ఒక పూస, దాని కింద జారే బెండు, కింద చిన్న సీసం గుండు, చివర ఆరో నంబరు కొక్కెం. ముడి ఎక్కడ ఉంటే బెండు అక్కడ ఆగుతుంది కాబట్టి ఎంత లోతుకైనా వేసుకోవచ్చు. ఎర నేలకి ఒక అడుగు పైన ఆడేలా ముడి జరపాలి. లోతు తెలియకపోతే కొక్కేనికి బరువైన సీసం కట్టి ముందు కొలుచుకోండి. ఈ కొలత తప్పితే గంటలు వృథా అవుతాయి. వాలై పైకి చూసి తింటుంది, తన కిందున్న ఎరని పట్టించుకోదు.

జలగని గుచ్చడం మా పాపే చేస్తుంది. వెడల్పుగా ఉన్న కొస దాని పట్టు. ఆ పట్టు గుండా కొక్కెం దించితే జలగ బతికే ఉండి నీళ్లలో రిబ్బన్‌లా ఈదుతుంది. మొదటిసారి అది పాప బొటనవేలికి అతుక్కుంది. నేను అరిచాను, తను అరవలేదు. వేలిని దగ్గరగా తెచ్చుకుని చూసి, రెండో చేతి గోరుతో కొస కింద మెల్లగా లేపింది. అది వదలగానే ఊపిరి పీల్చుకుని మళ్లీ డబ్బాలో చేయి పెట్టింది. ఎరల కోసం కొన్న జలగలు అలా కాసేపు అతుక్కున్నా ప్రమాదం లేదు. చిన్న చేపలు పెట్టెలో గంటల్లో చచ్చిపోతాయి, జలగలు కూలర్‌లో రోజుల తరబడి బతుకుతాయి. క్యాంపింగ్‌లో జలగనే ఎంచుకోవడానికి నాకు ఈ ఒక్క కారణం చాలు.

బెండు మునిగాక ఏం చేయాలో మాకు నేర్పింది మా మామయ్యగారు. ఆయనది పాలకొల్లు వైపు. చిన్నప్పుడు కాలవ గట్టున వెదురు కర్రకి గాలం కట్టి సాయంత్రాలు గడిపిన మనిషి. ఐల్ దగ్గర పియర్ మీద, తొమ్మిదింపావుకి, బాబు బెండు రెండుసార్లు వణికి పక్కకి జరిగింది. వాడు లాగబోయాడు. ఆయన వాడి మణికట్టు మీద చేయి వేసి, "ఆగు నాన్నా, ఇంకా నోట్లోనే ఉంది, మింగనీ" అన్నారు. బెండు మెల్లగా, వాలుగా, నీళ్లలోకి దిగి కనపడకుండా పోయింది. దారం బిగిసింది. "ఇప్పుడు" అన్నారు. పద్దెనిమిది అంగుళాల చేప. కొలిచి, కన్ను మీద లైటు వేసి ఒకసారి చూసి, వదిలేశాం. ఆ ఏడాది ఆ కొలతది ఉంచుకోకూడదు. సప్త సముద్రాల అవతల కూడా బెండు భాష ఒకటేనమ్మా అన్నారు ఆయన ఆ రాత్రి టీ తాగుతూ.

రాడ్ గురించి పెద్దగా ఆలోచించక్కర్లేదు. ఆరున్నర అడుగుల స్పిన్నింగ్ రాడ్, ఆరు పౌండ్ల బరువు ఆపే దారం పిల్లలకీ పెద్దలకీ సరిపోతుంది. మనిషికి ఒక్క గాలమే, వేసవిలో మిన్నెసోటాలో రెండు వేయడానికి లేదు.

ఎప్పుడు, ఏ కాగితాలతో

సీజన్ మే నెల మధ్యలో ఒక శనివారం తెరుస్తారు. ఆ వారాంతం రాష్ట్రమంతా పండగే, కానీ చలి, జనం రెండూ ఎక్కువ. చిన్న పిల్లలకి వద్దంటాను. జూన్ రెండో వారం నుంచి నాలుగో వారం దాకా నా ఓటు. రాత్రుళ్లు ఓర్చుకోగలిగే చలి, జలగల కాలం, పొడుగు సాయంత్రాలు. దోమలు మాత్రం విపరీతం, పొడుగు చేతుల చొక్కాలు తప్పవు. మిల్ లాక్స్‌లో జూన్ చివర్లో మేఫ్లైలు అనే రెక్కల పురుగులు నీళ్లలోంచి గుంపులుగా లేస్తాయి. వాలైలు వాటినే తిని కడుపు నింపుకుని మన ఎర ముట్టవు, అప్పుడు లీచ్ లేక్ మేలు. స్టేట్ పార్క్ సైట్లు 120 రోజుల ముందు నుంచి బుక్ చేసుకోవచ్చు. జూన్ మూడో వారం శుక్రవారం కావాలంటే ఫిబ్రవరి మూడో వారంలో పొద్దున్నే కంప్యూటర్ ముందు కూర్చోవాలి. నీళ్లకి దగ్గర సైట్లు ముందు పోతాయి.

పదహారేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ లైసెన్స్ ఉండాలి. ఇక్కడ నివాసం ఉన్న భార్యాభర్తలకి కలిపి ఒకటి దొరుకుతుంది, విడివిడిగా తీసుకోవడం కంటే చవక. చూడ్డానికి వచ్చిన అమ్మానాన్నలకి 24 గంటలది, 72 గంటలది, వారానిది ఉన్నాయి. మదర్స్ డే వారాంతంలో ఇక్కడి తల్లులకి లైసెన్స్ అక్కర్లేదు. నేను గాలం పట్టింది మొదట అలాగే. జూన్‌లో ఇంకో వారాంతం, పదిహేనేళ్లు, అంతకంటే చిన్న పిల్లల్ని తీసుకెళ్లే ఇక్కడి పెద్దలకి కూడా అక్కర్లేదు. ఆ తేదీకి ట్రిప్ పెట్టుకుంటే అలవాటవుతుందో లేదో ఖర్చు లేకుండా తెలుస్తుంది.

వాలై పరిమితి రాష్ట్రమంతటికీ ఒకటుంది, పెద్ద సరస్సులకి వాటి వాటివి వేరే ఉన్నాయి, సరస్సుదే చెల్లుతుంది. లేక్ ఆఫ్ ది వుడ్స్‌లో 19.5 నుంచి 28 అంగుళాల మధ్యవన్నీ వదిలేయాలి, గుడ్లు పెట్టే వయసు ఆడచేపలు ఎక్కువగా ఆ కొలతవే. పడవ నీళ్లలోంచి తీశాక అడుగు బిరడా తీసి నీళ్లన్నీ ఒంపేయాలి, మిగిలిన ఎరని సరస్సులో పారేయకూడదు, చెత్తబుట్టలోనే వేయాలి. జీబ్రా మసెల్స్ ఇంకో సరస్సుకి చేరేది ఇలాంటి చిన్న నిర్లక్ష్యంతోనే. కట్టెలు కూడా ఇంటి నుంచి తీసుకెళ్లొద్దు, ఆష్ చెట్లని తొలిచే పురుగు వాటితోపాటు ప్రయాణిస్తుంది. పార్క్ దగ్గర కొనండి.

వంట

కొరమీను తిన్నవాళ్లకి వాలై రుచి కొత్తగా అనిపించదు. తెల్లటి కండ, నీచు వాసన తక్కువ, ఫిల్లెట్ తీస్తే, అంటే ఎముక నుంచి కండని పలకలా కోసి తీస్తే, పిల్లలకి ముల్లు భయం దాదాపు ఉండదు. ఇదే నీళ్లలో పడే నార్తర్న్ పైక్ అలా కాదు, కండ లోపల వై ఆకారం ముళ్లుంటాయి. రెండూ పడితే పిల్లల కంచంలో వాలై వేసి, పైక్ పెద్దవాళ్లు తీసుకోండి.

ఇంటికి తెచ్చే ఫిల్లెట్‌కి ఏ చేపో తెలిసేలా పొలుసులతో అంగుళం చదరపు చర్మం వదలాలి. పొడవు నిబంధన ఉన్న సరస్సుల్లో పడవ మీద చేపని కోయకూడదు. పెద్ద చేపల్లో పాదరసం పేరుకుంటుంది కాబట్టి పిల్లలకి, గర్భిణులకి చిన్నవే, అదీ తక్కువగా పెట్టాలి. 15 అంగుళాలది రుచిలోనూ పెద్దదాని కంటే మేలు.

క్యాంప్‌లో వేపుడు తేలిక. ఇంట్లోనే కారం, పసుపు, ఉప్పు, ధనియాల పొడి, బియ్యప్పిండి కలిపి డబ్బాలో పోసుకుంటాను. అల్లం వెల్లుల్లి ముద్ద, నిమ్మకాయలు కూలర్‌లో. ఫిల్లెట్‌కి ముద్ద, నిమ్మరసం పట్టించి, పొడిలో పొర్లించి ఇనప పెనం మీద వేయడమే. పలచటి కండ, ఒక్కో వైపు మూడు నిమిషాలు చాలు. కట్టెల మంట ఎగిసిపడుతుంటే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది, నిప్పులు పడేదాకా ఆగండి. తిన్నాక పెనం, చెత్త, కూలర్ అన్నీ కారులో పెట్టి తాళం వేయాలి, ఉత్తరాన ఎలుగుబంట్లు తిరుగుతాయి.

పులుసుకి వాలై కుదరదని నేను అనుకునేదాన్ని, విరిగిపోతుందని. అత్తయ్యగారు లీచ్ లేక్ ఒడ్డున చేసి చూపించారు. ముందు చింతపండు, ఉల్లిపాయ, మెంతి పొడితో పులుసు చిక్కబడేదాకా మరిగించారు. చేప ముక్కలు చర్మంతోనే, ఆఖర్లో, ఒక్కొక్కటిగా జార్చారు. గరిటె ముట్టుకోనివ్వలేదు, గిన్నె చెవులు గుడ్డతో పట్టుకుని రెండుసార్లు గుండ్రంగా తిప్పి దించేశారు. ముక్క చెదరలేదు. ఆ రాత్రి వేపుడే తినిపించి, పులుసు గిన్నె మూత పెట్టి కూలర్‌లో మంచు మీద ఉంచారు. పొద్దున చలిలో, మంచు దుప్పటి ఇంకా నీళ్ల మీదే ఉండగా, అది మళ్లీ వెచ్చబెట్టి వేడన్నంలో పోశారు.